ఇకముందు కూడా వేస్తుందా?

సోమవారం, మధ్యాహ్నం

నా కందిరీగా,

ఎలా ఉన్నావే? కాళ్ళ వాపు దిగిందా? తలనొప్పి తగ్గిందా? రక్తపోటు ఎంత ఉందని అల్లుణ్ణి అడిగితే "బాగానే ఉందత్తయ్యా" అంటాడు. బాగానే అన్నది అంకె కాదని ఆ అబ్బాయికి ఎవరైనా చెప్పండి. అంకె తెలిస్తే నేను భయపడతానని అతని భయం. తెలియకపోతే ఇంకా భయపడతానని ఎందుకు తోచదో!

ఆస్పత్రిలో డాక్టరు నీ ఫోన్ తీసేయించడం ఒకందుకు మంచిదే అయింది. మనిద్దరం ఫోన్లో మాట్లాడుకుంటే కుశలప్రశ్నలు పూర్తికాకముందే వాదన మొదలవుతుంది. ఉత్తరంలో అయితే నేనెంత అరిచినా నీకు చప్పుడు వినపడదు. కళ్ళు నొప్పెడితే అల్లుడి చేత చదివించుకో. తిట్లు వచ్చిన చోట దాటేయమను.

నీ మొదటి సొంత ప్రదర్శన. మంచం దిగకూడదు కాబట్టి నీ బదులు చూసి రమ్మని నన్ను పంపావు. "చూసి చెప్పు చాలమ్మా, ఎవరితోనూ గొడవపడకు" అన్నావు. చూస్తున్నాను. రెండోదాని సంగతి తర్వాత మాట్లాడుకుందాం.

ఈ గ్యాలరీ ఒక బ్యాంకుకీ ఒక బట్టల దుకాణానికీ మధ్యన ఉంది. బయట పేరు ఎంత చిన్న అక్షరాల్లో రాశారంటే, రావాల్సినవాళ్ళకి ఎలాగూ తెలుసు, మిగతావాళ్ళు దారిన పోండి అన్నట్టుంది. గంట నొక్కితే లోపలున్న అమ్మాయి మనల్ని కిందనుంచి పైదాకా చూసి తలుపు తీస్తుంది. నా చెప్పుల దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగింది. లోపలంతా తెలుపు. కూర్చోడానికి ఒక్క కుర్చీ లేదు. బొమ్మలు కొనేవాళ్ళకి మోకాళ్ళ నొప్పులు ఉండవు కాబోలు. ధర ఏ బొమ్మ కిందా రాయరు. అడగాలి. అడగడానికి మొహమాటపడేవాడు కొనేవాడు కాదని వీళ్ళ లెక్క.

నీ బొమ్మల పెట్టెలు నా ముందే విప్పారు. నీ గదిలో గోడకి ఆనించి ఉన్నప్పుడు అవి నాకు ఇంత పెద్దగా కనపడలేదే. పొయ్యి వెనకాల గోడలు ఒక్కొక్కటి మనిషంత ఎత్తు. నూనె చిమ్మిన మచ్చలు, ఆవిరికి పొక్కిపోయిన సున్నం, క్యాలెండరు తీసేసిన చోట మిగిలిన తెల్లటి చతురస్రం. ఎన్ని వేల పూటలు ఎవరో ఒకామె ఆ గోడకి ఎదురుగా నిలబడి ఉంటుంది! ఆమె బొమ్మ నువ్వు ఎక్కడా వేయలేదు. గోడే వేశావు. చాలాసేపు నేను నోరు మూసుకుని చూశాను, అదెంత అరుదో నీకు తెలుసు.

తర్వాత తెరిచాను. బొమ్మలు తగిలించే మేస్త్రీ గోడపొడవునా ఒక దారం కట్టి, ప్రతి బొమ్మ నడిమధ్యా ఆ దారం మీదికి వచ్చేట్టు కొలుస్తున్నాడు.

"ఈ దారమేంటి బాబూ?"

"కంటి ఎత్తండీ. ఏ గ్యాలరీలో అయినా ఇదే ఎత్తు."

"ఎవరి కన్ను?"

"మనిషి కన్నండీ."

"ఆ మనిషికి మీసాలున్నాయా?"

అతను నిచ్చెన మీదనుంచి నన్ను చూశాడు. "మేడమ్, నన్ను ఇరికించకండి. ఇంట్లో మా ఆవిడా ఇలాగే అడుగుతుంది, అదీ నేను అన్నం ముందు కూర్చున్నాక."

నేను ఆ దారం కింద నిలబడి చూపించాను. నా కళ్ళు దానికి జానెడు కిందకి ఉన్నాయి. గోడ ముందు నిలబడి వండిన మనిషి నా ఎత్తే ఉంటుంది కదా, మరి ఈ బొమ్మలు ఎవరి ఎత్తుకి తగిలిస్తున్నారు అన్నాను. అప్పుడే గ్యాలరీ ఆవిడ వచ్చింది. నా వయసే ఉంటుంది. నల్లబట్టలు, పొట్టిగా కత్తిరించిన నెరిసిన జుట్టు, గొంతు మాత్రం వెన్న. నేను మనసులో ఆవిడకి మెత్తని కత్తి అని పేరు పెట్టుకున్నాను. మేస్త్రీతో "దారం కొంచెం దించండి, ఆవిడ చెప్పింది నిజమే" అంది. నాకు కొట్లాట కూడా మిగల్చలేదు.

ఆ తర్వాత నన్ను పక్క గదిలోకి తీసుకెళ్ళి టీ ఇచ్చి అసలు విషయం చెప్పింది. నువ్వు కడుపుతో ఉన్నావని ఇక్కడ ఎవరితోనూ అనకూడదట. ఎవరైనా నీ గురించి అడిగితే, విదేశంలో కళాకారుల శిబిరానికి వెళ్ళావని చెప్పాలట.

"ఎందుకండీ? అదేమన్నా అంటురోగమా?"

"అలాగే ఉంచుదామండీ. అమ్మాయి మేలుకే."

అమ్మాయి మేలుకే! ఈ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. ఆడపిల్ల నోరు నొక్కేవాళ్ళంతా ఆమె మేలుకోసమే నొక్కుతారు. నువ్వు గొడవ వద్దన్నావు కాబట్టి టీ తాగి ఊరుకున్నాను. ఇంకో పూటయితే కప్పు ఖాళీ అయ్యేది కాదు.

బిడ్డ కదులుతోందా? రోజూ గమనించుకో. ఎడమ పక్కకే పడుకో.

ముద్దులతో,
అమ్మ

—

బుధవారం, సాయంత్రం

నా కందిరీగా,

ఇవాళ ముందస్తు ప్రదర్శన జరిగింది. అంటే జనానికి తలుపులు తీసే ముందురోజు, కొనగల పెద్దలకి మాత్రం చూపించడం. రేపు సాయంత్రం వచ్చే మామూలు మనుషులకి మిగిలినవి చూసుకునే భాగ్యం. ఎవరైనా కొంటే బొమ్మ పక్కన ఎర్ర చుక్క అంటిస్తారు, చిన్నపిల్లలకి టీకా వేసినట్టు.

నీకు సంతోషం కలిగించే మాట ముందు చెప్తాను. ఒక కంటి డాక్టరమ్మ, నీ అన్నిటికంటే పెద్ద గోడ, ఆ క్యాలెండరు మచ్చ ఉన్నది, దాని ముందునుంచి కదల్లేదు. తనకోసం ఆపి ఉంచమంది. హోటళ్ళున్న పెద్దమనిషి ఒకాయన రెండు బొమ్మలకి చుక్కలు పెట్టించాడు. తన హోటల్లో భోజనాల గదిలో పెడతాడట. వంటింటి మసి చూస్తూ తెల్లటి గుడ్డ ఒళ్ళో పరుచుకుని తింటారన్నమాట. సరే, డబ్బు నీదే కదా అని పళ్ళు బిగపట్టాను.

ఇక రెండో మాట. ఆ హోటలాయన గ్యాలరీ ఆవిణ్ణి అడుగుతుంటే నా చెవిన పడింది. పెళ్ళయిందా, పిల్లలున్నారా, ఇకముందు కూడా వేస్తుందా అని. నేను అక్కడే ఉన్నాను, ఎవరో పనిమనిషి అనుకుని ఉంటాడు. "ఈ వయసు ఆడవాళ్ళతో ఇదే బాధండీ. చక్కగా పైకొస్తుంటారు, ఓ బిడ్డ పుడుతుంది, అంతే. మళ్ళీ కనపడరు. మనం కొన్నది గోడమీద అలా ఉండిపోతుంది, ధర కదలదు" అన్నాడు. నవ్వాడు కూడా. మెత్తని కత్తి "శిబిరంలో ఉందండీ, తీరిక లేకుండా ఉంది" అని తీయగా అబద్ధం చెప్పి దాటించింది.

అప్పుడు అర్థమైంది నాకు, నిన్నెందుకు దాచారో! కళాకారుడు చచ్చిపోతే బొమ్మ ధర పెరుగుతుందట. కళాకారిణి బిడ్డను కంటే తగ్గుతుందట. ఇది బొమ్మలు కొనడమా, కడుపుల మీద పందేలు కాయడమా? తండ్రయిన చిత్రకారుణ్ణి ఎవడైనా ఒక్కడు అడిగాడా, ఇకముందు కూడా వేస్తావా బాబూ అని? ఆయనకి బిడ్డ పుడితే మిఠాయిలు పంచుతారు. నీకు పుడితే నువ్వు చెల్లని నాణెమా?

నీకు ఇన్నాళ్ళూ చెప్పని మాట ఒకటి చెప్తాను. నువ్వు పుట్టకముందు నేను ఆ వారపత్రికలో రాజకీయ వ్యాసాలు రాసేదాన్నని నీకు తెలుసు. అది వదిలేసి బయటికొచ్చి సొంతంగా రాయడం మొదలుపెట్టానని, అది నా తెగువ అనీ ఇంట్లో అందరం చెప్పుకుంటాం. నిజం వేరు. నువ్వు పుట్టాక మళ్ళీ ఉద్యోగంలోకి వెళ్తే నా బల్ల మీద వేరే ఆయన కాగితాలు ఉన్నాయి. ఎడిటరు కుర్చీ వేయించి, పాపాయి ఎలా ఉందని అడిగి, "మీకిప్పుడు తీరిక తక్కువ కదమ్మా, గృహిణుల పేజీ చూడండి, మరకలు పోగొట్టే చిట్కాలూ అవీ" అన్నాడు. అదీ నా మేలుకే. నాకు పాలు చేపుతున్నాయి, జాకెట్టు తడిసిపోతోంది, ఆయన చూస్తాడేమోనని ఫైలు అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. అన్ని మాటలు తెలిసిన నేను ఆ గదిలో ఒక్క మాట అనలేదు. బయటికొచ్చి రిక్షాలో ఏడ్చి, ఇంటికెళ్ళేలోపు ఒట్టు పెట్టుకున్నాను, ఒక్క రోజు కూడా రాయడం ఆపనని. ఆపలేదు. నీకెందుకు చెప్పలేదంటే, నీ వల్ల నాకు ఏదో పోయిందని నువ్వనుకోకూడదని. నువ్వు పోగొట్టలేదు, వాడు పోగొట్టాడు.

అందుకని నిర్ణయించుకున్నాను. రేపు సాయంత్రం అందరి ముందూ నిజం చెప్తాను. వ్యాసం కూడా రాస్తున్నాను, అక్కణ్ణుంచి వచ్చిన దగ్గర్నుంచీ చెయ్యి ఆగడం లేదు. ఈ ఉత్తరం నీకు అందేసరికి రేపటి సంగతి అయిపోతుంది కాబట్టి వద్దని చెప్పే శ్రమ నీకు ఉండదు. ధైర్యంగా ఉండు. నీ తరఫున నేనున్నాను.

అమ్మ

—

శుక్రవారం, ఉదయం

నా తల్లీ,

అయిపోయింది.

జనం బాగా వచ్చారు. నీ వయసు పిల్లలే ఎక్కువ, భుజాన సంచులూ, చేతిలో ఫోన్లూ. గ్యాలరీ ఆవిడ నీ బొమ్మల గురించి నాలుగు మాటలు చెప్పింది. నిజం చెప్పాలంటే బాగానే చెప్పింది. చివర్లో, కళాకారిణి శిబిరంలో ఉన్నందువల్ల రాలేకపోయిందని అనగానే నేను పెద్ద గోడ ముందుకి వచ్చి నిలబడ్డాను.

"మా అమ్మాయి ఏ శిబిరంలోనూ లేదండీ. ఆస్పత్రిలో ఎడమ పక్కకి తిరిగి పడుకుని ఉంది. కడుపుతో ఉంది. ఇది సిగ్గుపడాల్సిన విషయమని ఇక్కడ ఎవరికి అనిపించిందో వాళ్ళు చెయ్యెత్తండి, చూస్తాను" అన్నాను. ఒక్కరూ కదల్లేదు. అక్కణ్ణుంచి నేనేమన్నానో వరసగా గుర్తులేదు. ఎడిటరు సంగతీ చెప్పాను, తడిసిన జాకెట్టు సంగతితో సహా. హోటలాయన వైపు తిరిగి, "ఇకముందు కూడా వేస్తుందా అని అడిగారు కదా నిన్న, జవాబు నేను చెప్తాను. వేస్తుంది. ఒక్క రోజు కూడా ఆగదు. తల్లిగా నేను మాటిస్తున్నాను, కావాలంటే రాసిస్తాను" అన్నాను. చప్పట్లు కొట్టారే! ఆ పిల్లలు ఏడుస్తూ కొట్టారు. ఒకమ్మాయి వచ్చి నన్ను కావలించుకుని, మా అమ్మ ఇలా ఒక్కసారన్నా మాట్లాడితే బాగుండు అంది.

హోటలాయన మొహం చిటపటలాడింది. పోతూ పోతూ తన రెండు చుక్కల్లో ఒకదాన్ని గోటితో గీకేశాడు. ఒక బొమ్మ పోయింది నీకు. దానికి నన్ను తిట్టు, పడతాను. వాడి భోజనాల గదిలో నీ గోడ ఉండకపోతే నష్టమేమీ లేదనే నా వాదన.

అందరూ వెళ్ళాక గ్యాలరీ ఆవిడ దగ్గరికి నేనే వెళ్ళాను. అరుస్తుందని అనుకున్నాను. అరిస్తే జవాబులన్నీ సిద్ధంగా ఉన్నాయి. అరవలేదు. దీపాలు ఒక్కొక్కటే ఆపుతూ, "అమ్మాయిని అడిగారా?" అంది.

"ఏమని అడగాలి?"

"మీరు ఈరోజు చెప్పిందంతా, చెప్పమంటావా అని."

"నా కూతురు సంగతి నాకు తెలుసండీ" అన్నాను.

ఆవిడ నా వైపు చూసిన చూపు కోపంతో చూసినది కాదు. ఆ చూపే రాత్రంతా నా కంట్లో నలుసులా ఉంది. ఏమనుకుని చూసింది? నువ్వు ఆవిడకేమన్నా చెప్పావా?

వ్యాసం పొద్దున్నే పత్రికకి పంపేశాను. ఈ ఆదివారం కాక పై ఆదివారం వేస్తామన్నారు, మొదటి పేజీలోనే. నా జీవితంలో ఇంత బాగా రాయలేదు.

అల్లుడికి ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. ఎందుకు ఎత్తడం లేదు? నీకు బాగానే ఉందా? ఏదైనా సరే, ఒక్క ముక్క రాయించు.

అమ్మ

—

ఆదివారం

అమ్మా,

ఎడమ పక్కకి పడుకునే రాస్తున్నాను. వరసలు పల్లంలోకి జారుతుంటాయి, సర్దుకుని చదువుకో.

ముందు నువ్వు భయపడే సంగతి. బిడ్డ బాగుంది, తన్నుతోంది. నా రక్తపోటు శుక్రవారం పెరిగింది, మందు మార్చారు, ఇప్పుడు దిగింది. ఆయన ఫోన్ ఎత్తనిది అందుకే, నీతో అబద్ధం చెప్పడం చేతకాక. ఎందుకు పెరిగిందో చెప్తాను. నీ బుధవారం ఉత్తరం కంటే ముందే, మందులిచ్చే నర్సు తన ఫోన్లో ఒక వీడియో పట్టుకొచ్చి, "ఈవిడ మీ అమ్మగారటగా, ఏం మాట్లాడారండీ, మా వార్డంతా చూస్తోంది" అంది. చూశాను. నా గోడ ముందు నువ్వు. నీ గొంతు. నా కడుపు.

నువ్వు చాలా బాగా మాట్లాడావమ్మా. నేను వేరేవాళ్ళ కూతురినైతే నేనూ చప్పట్లు కొట్టేదాన్ని.

ఇప్పుడు నేను చెప్పేది మధ్యలో అడ్డుపడకుండా విను. ఉత్తరం కాబట్టి ఎలాగూ అడ్డుపడలేవు.

నన్ను దాచింది ఆవిడ కాదు. దాచమన్నది నేను. ఆ శిబిరం మాట కూడా నేనే చెప్పించాను.

నేను బొమ్మలు మానేయాలనుకుంటున్నాను. బిడ్డ వల్ల కాదు. కడుపుతో ఉన్నానని తెలియక ముందే, ఆ ఆఖరి గోడ పూర్తి చేసి బ్రష్షులు కడుగుతున్నప్పుడు, చివరి పరీక్ష రాసి బయటికొచ్చినట్టు అనిపించింది. ఆ గోడలు నాకు అయిపోయాయి. కొనేవాళ్ళకి మాత్రం ఇంకా కావాలి. ఇంకో గోడ, ఇంకాస్త మసి, కొంచెం చిన్న సైజులో అయితే మా హాల్లోకి సరిపోతుంది. అలా ఇంకో పదేళ్ళు మసి వేసుకుంటూ బతకొచ్చు, డబ్బూ వస్తుంది. తలుచుకుంటే నాకు ఊపిరాడలేదు. మళ్ళీ ఎప్పుడైనా ఇంకేదైనా వేస్తానేమో. వేయనేమో. నాకు తెలీదు. ఈ మంచం మీద కదలకుండా పడుకోమన్నప్పుడు అందరూ అయ్యో అన్నారు. నాకు లోపల హాయిగా ఉంది, ఎవరూ నన్ను ఏం వేస్తున్నావని అడగరు కదా అని.

ఇది నేను చెప్పింది ఒక్క ఆవిడకే. నువ్వు మెత్తని కత్తి అన్నావే, ఆవిడకి. ఆవిడకి నష్టమే కదా, అయినా విని, ఏమందో తెలుసా? "తొందరపడి తేల్చుకోకు. కానీ ఒకటి. నువ్వు మానేస్తే, ఎందుకు మానేసినా సరే, కడుపొచ్చింది కాబట్టి మానేసిందనే అంటారు. నీ తర్వాత వచ్చే ప్రతి అమ్మాయినీ నిన్ను చూపించి బెదిరిస్తారు. అందుకని కడుపు మాట అసలు ఈ గోడల మధ్యకి రానివ్వను. ఆ తర్వాత నువ్వు వేసినా మానినా, అది ఒక మనిషి ఇష్టం మాత్రమే అవుతుంది" అంది. మేమిద్దరం అంత జాగ్రత్తగా కట్టుకున్న దడిని నువ్వు ఒక్క ఉపన్యాసంతో పడగొట్టావు.

ఇప్పుడు నేనేం చేయాలో చెప్పు. మానేశాననుకో, హోటలాయన గెలిచినట్టు, నువ్వు అందరి ముందూ ఓడినట్టు. వేశాననుకో, నీ మాట నిలబెట్టడానికి వేసినట్టు. ఆయన ఆపేస్తుందని పందెం కాశాడు. నువ్వు ఆపదని కాశావు. ఇద్దరూ నా మీదే కాశారమ్మా. నన్ను ఇద్దరూ అడగలేదు.

మరి నీకే ముందు ఎందుకు చెప్పలేదంటావు. భయమేసింది. అమ్మ తిడుతుందని కాదు. నువ్వు నాతో వాదిస్తావు, నేను ఓడిపోతాను, చిన్నప్పట్నుంచీ అంతే. నువ్వు గెలిచాక నేను వెళ్ళి ఇంకో గోడ వేస్తాను. ఇంకా లోపలి మాట చెప్పమంటావా? నేను మానేస్తే నువ్వు జీవితమంతా రాసింది అబద్ధమైపోతుందేమో అనిపించింది. అంత బరువు నామీద నువ్వు పెట్టావో నేనే పెట్టుకున్నానో తెలీదు.

పత్రిక ఆఫీసు సంగతి చదివి ఏడ్చాను. ఫైలు అడ్డం పెట్టుకుని కూర్చున్న ఆ అమ్మాయి నాకంటే చిన్నది, అప్పుడు. ఆమెని దగ్గరికి తీసుకోవాలనిపించింది. నీ బల్ల కింద కూర్చుని ఆడుకున్న రోజులు నాకు గుర్తున్నాయి, అదేమీ చెడ్డ బాల్యం కాదు, నిన్ను వేలెత్తి చూపించడం లేదు. కానీ అది నీ కథ. దాని చివర నన్ను అతికించకు.

ఆ వ్యాసం ఆపించు. నా పేరు తీసేసి వేస్తాననకు, ఎవరి గురించో ఇప్పుడు అందరికీ తెలుసు. ఆపించు. ఆపిస్తే నా దగ్గరికి రా, నాకు నువ్వు కావాలి, కాన్పంటే చాలా భయంగా ఉంది. ఆపించకపోతే బిడ్డ పుట్టాకే రా. పుట్టేటప్పుడు గది బయట నువ్వు ఎవరితోనో దీని గురించి వాదిస్తుంటే నేను వినలేను.

నీ కందిరీగ

—

మంగళవారం, మధ్యాహ్నం

తల్లీ,

నిన్న కొరియర్లో నీ ఉత్తరం అందగానే నీకు ఓ జవాబు రాశాను. పెద్దది. అందులో నీ ప్రతి మాటకీ సమాధానం ఉంది. గ్యాలరీ ఆవిడ చెప్పింది తెలివైన మాటే గానీ అది పిరికితనపు తెలివి అని, దాచడం వల్ల ఏ రోగమూ తగ్గలేదని, అడిగినవాణ్ణి నిలదీయకుండా అడిగించుకున్నవాళ్ళు ఎంతకాలం దాక్కోవాలని. చదువుకుంటే నేను పూర్తిగా గెలిచాను. దాన్ని చించేశాను. ఆస్పత్రి మంచం మీద ఉన్న పిల్లని ఓడించి ఎక్కడ పెట్టుకోను?

వాళ్ళ ప్రశ్న తప్పన్న మాట మీదనుంచి మాత్రం నేను దిగను. అది తప్పే. రేపూ తప్పే. కానీ దానికి జవాబు చెప్పే హక్కు నాకుందని అనుకున్నాను చూడు, అక్కడే ఆ హోటలువాడి పక్కన వెళ్ళి నిలబడ్డాను. నువ్వు రాస్తేగానీ నాకు కనపడలేదు.

పత్రికకి ఫోన్ చేశాను. పేజీ తయారైపోయిందని ఇప్పటి ఎడిటరు గోల. మంచివాడే, మన మనిషే, నేను పాఠాలు చెప్పి పెంచినవాడు.

"ఏమైందండీ మీకు? ఎవరైనా బెదిరించారా?"

"మా అమ్మాయి వద్దంది."

"అమ్మాయి వద్దంటే మీరు ఆగుతారా! ఇదెంత మందికి పనికొచ్చే వ్యాసం, మీరే కదా ఎప్పుడూ అంటారు, సొంత విషయమని దాచుకోవడమే వాళ్ళ బలం అని."

నా మాటలే. నామీద నేనే రాసిన వ్యాసంలా వినిపించాడు. "నాయనా, అది నా సొంత విషయం కాదు, మా అమ్మాయిది. తీసెయ్" అన్నాను. చాలాసేపు బతిమాలాడు. నేను అరిచాను. అరవకుండా ఉండటం ఒక్క రోజులో రాదు కదా. తీసేశాడు. ఆ పేజీలో ఇప్పుడు ఏం వస్తుందో నాకు తెలీదు, అడగలేదు.

ఇవాళ పొద్దున గ్యాలరీకి వెళ్ళాను. ఆవిడతో, మీరు నాకు ముందే చెప్పాల్సింది అన్నాను. "చెప్పేదాన్నే. మీరు ఊపిరి తీసుకోడానికి ఆగుతారేమోనని చూశాను" అంది. ఇద్దరం నవ్వాం. నవ్వాక నాకు ఏడుపొచ్చింది, ఆవిడ గదిలో ఉన్న ఒక్క కుర్చీ నాకిచ్చి తను నిలబడింది. నా బిడ్డ తన మనసులో మాట నాకంటే ముందు ఈవిడకి చెప్పుకుందే అన్న కడుపుమంట ఇంకా ఉంది. దాచను. ఈ ఒక్క విషయంలో నిజం చెప్పడానికి నీ అనుమతి అక్కర్లేదనుకుంటాను.

నేను బయటికొస్తుంటే ఆ కంటి డాక్టరమ్మ వచ్చింది. నన్ను గుర్తుపట్టి రెండు చేతులూ పట్టుకుంది. మొన్న నేను మాట్లాడింది విని తను ఇంటికెళ్ళి నిద్రపోలేదట. పెద్ద గోడ ముందుకి తీసుకెళ్ళి, కాసేపు చూసి, మెల్లగా అడిగింది. మంచి మనిషే, ప్రేమగానే అడిగింది.

"ఇకముందు కూడా వేస్తుంది కదండీ?"

నోటిదాకా వచ్చిందే, వేస్తుంది అన్న మాట. ఇన్నేళ్ళుగా ఎవరేమడిగినా నా దగ్గర జవాబు ఉంది. ధరల మీద, యుద్ధాల మీద, మగవాళ్ళ మీద. నీ మీద కూడా.

"నాకు తెలీదండీ" అన్నాను.

ఆవిడ తెల్లబోయింది. "అదేంటండీ, మీరే కదా ఆ రోజు మాటిచ్చారు."

"ఇచ్చాను. నాది కాని మాట ఇచ్చాను, వెనక్కి తీసుకుంటున్నాను. తనకే తెలీదు. తెలియాల్సిన అవసరం కూడా ఇప్పుడు లేదు. పడుకుని ఉంది."

ఆవిడ బొమ్మకి ఇంకాస్త దగ్గరగా జరిగింది. నేను గుమ్మం దాటాను. తర్వాత దానికి ఎర్ర చుక్క అంటించారో లేదో వెనక్కి తిరిగి చూడలేదు. చూడకుండా రావడం నాకెంత కష్టమైందో నీకు తెలుసు.

గురువారం పొద్దున బండికి బయల్దేరుతున్నాను. దారంతా నోరు కట్టుకుని వస్తానని ఒట్టు పెట్టను, ఒట్లు పెట్టుకోవడం వల్లే ఇంతదూరం వచ్చింది. అడగాలనిపిస్తే నర్సుని పట్టుకుని ఆస్పత్రి బిల్లుల మీద గొడవపడతాను, అది నీకు తగలదు. నాకూ భయంగానే ఉంది. నువ్వు పుట్టినప్పుడు వేసిన భయం కంటే ఇది పెద్దది. అప్పుడు నొప్పి నాది.

నీకేం కావాలో నాకే తెలుసనుకుని నిన్న ఒక సంచి సర్దాను. మెత్తటి చీరలు, రెండు పుస్తకాలు, అడుగున చిన్న రంగుల పెట్టె ఒకటి. ఇందాక అన్నీ తీసి మళ్ళీ బీరువాలో పెట్టేశాను. సంచి ఖాళీగా ఉంది. ఏం తెమ్మంటావో అల్లుడితో చెప్పించు. అది మాత్రమే తెస్తాను.

అమ్మ